బడిపిల్లల వైమానిక శిక్షణ

హృదయనాథ కుంజ్రూ సంఘము చేసిన సిఫారసుల ననుసరించి 1948లో చట్టముచే నేర్పడిన నేషనల్ కేడెట్ కోర్ (ఎన్.సి.సి.)నకు 1950లో వైమానిక విభాగము తోడైనది. ఉన్నత పాఠశాల విద్యార్థులు జూనియర్ డివిజన్‌లో రెండేండ్లు శిక్షణ పొంది ‘ఏ’ సర్టిఫికెట్ పరీక్షకు హాజరగుదురు. కవాతు ఎల్లరకును సమానమే; విశేషమంతయు విమానశాస్త్రమున నున్నది.

రెక్క గాలిని క్రిందికి మరల్పగా, ప్రతిచర్యగా గాలి రెక్కను పైకి నెట్టునను సూత్రము పుస్తకమున నొక పంక్తియే కాని, తేలికకొయ్యతో గ్లైడరును స్వయముగా మలచి, ముక్కు బరువైనచో నది నేలకు దూకుటయు, తోక బరువైనచో తలయెత్తి చతికిలబడుటయు కన్నులార గాంచిన బాలునకు గరిమనాభి యన నేమియో వేఱుగా బోధింప నక్కఱలేదు. వాతావరణ పాఠమందురా, కల్లములో మిరపకాయ లారబోసి మబ్బువైపు చూచు రైతుబిడ్డకు అందులో సగము ముందే వచ్చును!

ఈ శిక్షణయు, విమానములును గుంటూరు ప్రాంతమునకు క్రొత్త కావు. గుంటూరున ఎన్.సి.సి. గ్రూపు కార్యాలయము కలదు. బాపట్ల చెంత సూర్యలంకలో వైమానికదళ స్థావరము కలదు. కొరిసపాడు సమీపమున జాతీయ రహదారినే అత్యవసర రన్‌వేగా తీర్చగా, 2022 డిసెంబరులో వైమానికదళము దానిని పరీక్షించినది.

విమానశాస్త్రముతో పాటు ఈ శిక్షణ నేర్పునది నాయకత్వము; అది ఉపన్యాసములచే నబ్బునది కాదని నా యభిప్రాయము. తన యీడువారినే వరుసలో నిలిపి, కోపింపక ఆజ్ఞ యిచ్చుటలో దాని తొలిపాఠ మున్నది. ఈ శిక్షణ ఉద్యోగమునకు హామీ కాదు. అయినను, కళాశాలలో వైమానిక విభాగపు ‘సి’ సర్టిఫికెట్ సంపాదించినవారికి వైమానికదళపు ఫ్లయింగ్ శాఖలో ప్రత్యేక ప్రవేశమార్గ మొకటి కలదు.