జాంగో అప్లికేషన్‌లో జాప్యం ఎక్కడ?

దరఖాస్తుకు ఆఖరి తేదీ, సాయంత్రం అయిదు గంటలు. మీరు నెట్ సెంటర్‌లోనో, ఇంట్లో నాన్నగారి ఫోన్‌లోనో పేజీ తెరిచారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మన నెట్ బాగా లేదేమో అనుకుని మళ్లీ నొక్కుతారు. చాలాసార్లు తప్పు మీ నెట్‌ది కాదు, అవతల సర్వర్‌లో నడుస్తున్న ప్రోగ్రాముది. రేపు అటువంటి ప్రోగ్రాములు రాసేవారిలో మీరూ ఉండవచ్చు. అందుకని జాప్యానికి మూలం వెతకడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణకు జాంగో అనే ఫ్రేమ్‌వర్క్‌ను తీసుకుందాం. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో ఒక వార్తాపత్రిక వెబ్‌సైట్ అవసరాల కోసం పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. పైథాన్ భాషలో రాసినది. జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ విద్వాంసుడి పేరు దీనికి పెట్టారు. ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి అక్షరం 'డి' ఉన్నా, దాన్ని పలకకూడదు!

జ్వరం ఎంతుందో చూడకుండా మందు రాసే వైద్యుణ్ణి మనం మెచ్చుకోం కదా. ఇక్కడా ముందు కొలవాలి. బ్రౌజర్‌లో ఎఫ్12 మీట నొక్కి 'నెట్‌వర్క్' భాగం తెరవండి. సర్వర్ నుంచి మొదటి జవాబు రావడానికి పట్టిన కాలం ఎంత, ఆ తరువాత పేజీ దిగడానికి పట్టిన కాలం ఎంత అన్నది విడివిడిగా కనిపిస్తుంది. రెండోది ఎక్కువైతే బొమ్మలు బరువుగా ఉన్నాయన్నమాట. వాటి సైజు తగ్గిస్తే సరిపోతుంది, ప్రోగ్రాము జోలికి వెళ్లనక్కరలేదు. మొదటిది ఎక్కువైతేనే మన అసలు పని మొదలవుతుంది.

మీ కళాశాల గ్రంథాలయం కోసం ఒక పేజీ తయారుచేశారనుకుందాం. ఒక్కో పేజీలో 50 పుస్తకాల పేర్లు, పక్కనే రచయితల పేర్లు. పుస్తకాలు ఒక పట్టికలో, రచయితలు మరో పట్టికలో ఉన్నారు. జాంగో ముందుగా ఒక క్వెరీతో, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్నతో, 50 పుస్తకాలనూ తెస్తుంది. అప్పటికి రచయితల పేర్లు దాని చేతిలో లేవు. మీ లూపు ఒక్కో పుస్తకం దగ్గరకు వచ్చి రచయిత పేరు అడిగినప్పుడల్లా మరో క్వెరీ పంపుతుంది. వరుసగా పది పుస్తకాలు ఒకే రచయితవైనా పదిసార్లూ అడుగుతుంది! మొత్తం 51 క్వెరీలు. ఇది కిరాణా కొట్టుకు చీటీ రాసుకుని వెళ్లకుండా, ఉప్పుకి ఒకసారి, పప్పుకి ఒకసారి నడిచినట్టు. డేటాబేస్ వేరే యంత్రంలో ఉండి, ఒక్కో ప్రశ్నకు 20 మిల్లీసెకన్లు పడితే 51 ప్రశ్నలకు 1,020 మిల్లీసెకన్లు, అంటే సెకను దాటింది. ల్యాబ్‌లో అయిదు పుస్తకాలతో పరీక్షించినప్పుడు ఆరు క్వెరీలే కనుక ఈ దోషం మీ కంటపడదు.

దీనికి మందు 'సెలెక్ట్ రిలేటెడ్'. రెండు పట్టికలనూ కలిపి ఒకే క్వెరీలో తెమ్మని ముందే చెప్పడం అన్నమాట. ఒక పుస్తకానికి పలు విషయ విభాగాలుంటే 'ప్రీఫెచ్ రిలేటెడ్' వాడాలి. అప్పుడు రెండు క్వెరీలు చాలు. నా దృష్టిలో జాంగో నేర్చుకునేవారు అన్నిటికన్నా ముందు పట్టుకోవలసిన దోషం ఇదే. సాధారణంగా ఒక్క వరుస మార్పుతో పోతుంది.

క్వెరీ ఒక్కటే అయినా నెమ్మదిగా ఉంటే ఇండెక్సు చూడండి. పది లక్షల వరుసల్లో ఒక హాల్ టికెట్ నంబరు కోసం మొదటి నుంచి వెతికితే పది లక్షల పోలికలు పట్టవచ్చు. వరుసక్రమంలో ఉన్న జాబితాను సగానికి సగం తగ్గించుకుంటూ వెతికితే 20 పోలికలు చాలు, ఎందుకంటే రెండును 20 సార్లు హెచ్చిస్తే 10,48,576 వస్తుంది. అయితే 'శబ్దరత్నాకరం'లో 'క'తో మొదలయ్యే పదాలు ఇట్టే దొరుకుతాయి, మధ్యలో 'క' ఉన్న పదాలు దొరకవు. మామూలు ఇండెక్సూ అంతే. పేరు మధ్యలోని అక్షరాలతో వెతికితే అది సాయపడదు. పైగా కొత్త వరుస చేర్చినప్పుడల్లా ఇండెక్సునూ సరిచేయాలి కాబట్టి ప్రతి గడికీ తగిలించకండి.

ఇక క్యూ సంగతి. సర్వర్‌లో ఏకకాలంలో నలుగురికి మాత్రమే జవాబు చెప్పే ఏర్పాటు ఉంది, ఒక్కో పేజీకి ఒక సెకను పడుతుంది అనుకోండి. సెకనుకు నాలుగు పేజీలు వెళ్తాయి. సెకనుకు పదిమంది వస్తే ఆరుగురు మిగులుతారు. నిమిషం గడిచేసరికి క్యూలో 360 మంది. చివర ఉన్నవారు మరో 90 సెకన్లు ఆగాలి. విసిగి మళ్లీ నొక్కితే క్యూ ఇంకా పెరుగుతుంది. అదే పేజీ సెకనులో పదో వంతులో తయారైతే ఆ నలుగురే సెకనుకు 40 పేజీలు పంపగలరు, క్యూ పేరుకోదు. ఆఖరి తేదీన ఒక విద్యార్థి దరఖాస్తు అందిందా లేదా అన్నది ఈ చిన్న లెక్క మీద ఆధారపడుతుంది.

క్యాష్, అంటే ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ ఇవ్వడం, చాలామంది మొదట చేస్తారు. నేనైతే చివర చేయమంటాను. పేజీ ఎవరిదో గుర్తించకుండా దాచితే ఒకరి మార్కులు మరొకరికి కనిపించే ప్రమాదముంది. డీబగ్ సెట్టింగును కూడా ప్రజల వాడకంలో ఉన్న సర్వర్‌లో తప్పక ఆపాలి. అది నడిచిన క్వెరీలను మెమరీలో దాస్తూ ఉంటుంది. పొరపాటు జరిగితే లోపలి వివరాలను బయటివారికి చూపుతుంది కూడా.

మీ ల్యాబ్ యంత్రంలో మాత్రం డీబగ్ ఉంచి, 'జాంగో డీబగ్ టూల్‌బార్' తగిలించండి. గ్రంథాలయం పేజీకి ఎన్ని క్వెరీలు నడిచాయో నోట్సులో రాసుకోండి. పుస్తకాలు 5, 50, 500 చేసి చూడండి. ఆ తరువాత సెలెక్ట్ రిలేటెడ్ చేర్చి, అవే మూడు లెక్కలు మళ్లీ తీసి పక్కపక్కన రాయండి.