హోదా తగ్గితే పింఛను ఎంత తగ్గుతుంది?

(బిలాస్‌పూర్, తోర్వాలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత అధికారి చేసిన ప్రసంగ పాఠం)



ఈ తోర్వాలోనూ రైల్వే కాలనీల్లోనూ ఏ తెలుగింటి తలుపు తట్టినా ఒక మాట వినిపిస్తుంది: "మా తాత బీఎన్ఆర్‌లో చేశాడు." బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. దాని వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఒక కొడుకు రైల్వేకి, ఒక కొడుకు మిలిటరీకి వెళ్ళిన ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి. మూడో తరంలో కొందరు బ్యాంకుకీ వచ్చారు. మన బ్రాంచి గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే సాయుధ గార్డు కూడా మాజీ సైనికుడే. అందుకే ఈ రోజు సైనికుల పింఛను గురించి మాట్లాడతానని నిర్వాహకులతో చెప్పాను. అందులోనూ ఇళ్ళలో ఎవరూ పైకి మాట్లాడని ఒక విషయం: శిక్షగా హోదా తగ్గిస్తే, ఆ సైనికుడు రిటైరయ్యాక ఏమవుతుంది?

నా సర్వీసులో చాలా ఏళ్ళు పింఛన్ల సీటులో గడిచాయి. ఈ ప్రశ్న అడిగేవాళ్ళు రెండు రకాలుగా పొరబడేవారు. "ర్యాంకు పోయింది కాబట్టి పింఛనూ పోయినట్టే" అని కొందరు బెంగపెట్టుకునేవారు. "ర్యాంకు పోతే పోయింది, పింఛను మాత్రం అదే వస్తుంది" అని మరికొందరు ధీమాగా ఉండేవారు. రెండూ నిజం కావు. పింఛను పోదు, కానీ తగ్గుతుంది. ఆ తగ్గింపు బతికున్నంత కాలం ఉంటుంది, ఆ తర్వాత భార్య కుటుంబ పింఛనులోకీ వెళ్తుంది.

ముందుగా ఈ శిక్ష ఎవరికి వేస్తారో చూద్దాం. మన సైనిక చట్టం 1950లో వచ్చింది. కోర్టు మార్షల్ వేయగల శిక్షలు అందులోని 71వ సెక్షన్‌లో ఉన్నాయి. హోదా తగ్గించడం అనే శిక్ష నాయక్, హవల్దార్ వంటి నాన్ కమిషన్డ్ ఆఫీసర్లకు, వారంట్ ఆఫీసర్లకు మాత్రమే వర్తిస్తుంది. సుబేదార్‌ని హవల్దార్‌గా, కెప్టెన్‌ని లెఫ్టినెంట్‌గా దించే శిక్ష ఆ జాబితాలో లేదు. వాళ్ళకు సీనియారిటీ కోత వంటి శిక్షలుంటాయి, మరీ పెద్ద తప్పయితే డిస్మిసల్.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ జనరల్‌నైనా తక్కువ హోదాలో రిటైర్ చేయవచ్చు. ఆఫ్రికా కమాండ్‌కి అధిపతిగా చేసిన జనరల్ విలియం వార్డ్ ప్రభుత్వ సొమ్ము దుర్వినియోగం చేశారని తేలడంతో, 2012లో నాలుగు నక్షత్రాలకు బదులు మూడు నక్షత్రాల హోదాతో రిటైర్ చేశారు. ఆ ఒక్క నక్షత్రం పోవడంతో ఆయన పింఛను ఏటా దాదాపు 30 వేల డాలర్లు తగ్గిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అక్కడైనా, ఇక్కడైనా, పింఛను లెక్కలో రిటైరైన హోదాకి పెద్ద పాత్ర ఉంటుంది.

మన దగ్గర హోదా మూడు దారుల్లో తగ్గవచ్చు. మొదటిది, కోర్టు మార్షల్ తీర్పు. రెండోది, 20వ సెక్షన్ కింద పై అధికారి ఇచ్చే పరిపాలనా ఉత్తర్వు. మూడోది, యాక్టింగ్ ర్యాంకులో ఉన్నవాణ్ణి కమాండింగ్ ఆఫీసరు తిరిగి అతని పర్మనెంటు ర్యాంకుకి పంపడం.

ఈ మూడోది రైల్వే కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. "రివర్షన్" అన్న మాట మన ఇళ్ళలో ఎప్పుడూ వినేదే. దీనిమీద దేశమంతా ఉదహరించే తీర్పు కూడా ఒక రైల్వే ఉద్యోగిదే. పరశోత్తం లాల్ ధింగ్రా మూడో తరగతి ఉద్యోగి. రెండో తరగతి పోస్టులో అఫీషియేటింగ్‌గా ఉండగా ఆయనను వెనక్కి పంపారు. సుప్రీంకోర్టు 1957లో మెజారిటీ తీర్పులో చెప్పిన సారం ఇది: ఆ పోస్టు మీద హక్కు లేనివాణ్ణి పాత పోస్టుకి పంపితే అది శిక్ష కాదు, హక్కు ఉన్నవాణ్ణి దించినా, దించడంతోపాటు జీతానికో సీనియారిటీకో దెబ్బ కొట్టినా అది శిక్షే. సివిల్ ఉద్యోగులకు ఇలాంటి శిక్ష వేసేముందు విచారణ జరపాలని రాజ్యాంగం 311వ అధికరణం చెబుతోంది. సైనికులకు ఆ అధికరణం వర్తించదు. వాళ్ళకు రక్షణ సైనిక చట్టంలోనూ దాని నియమాల్లోనూ ఉంది. కాబట్టి ఇంట్లోవాళ్ళు ముందు తెలుసుకోవలసింది ఒకటే: దించింది ఏ దారిలో? ఉత్తర్వు ఏ సెక్షన్ కింద వచ్చింది?

ఇక డబ్బు లెక్క. రెగ్యులర్ సిపాయికి సర్వీసు పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ళ అర్హత సర్వీసు ఉండాలి. అగ్నివీరులకు ఆ నాలుగేళ్ళకు పింఛను లేదు కాబట్టి వాళ్ళ సంగతి వేరు. హోదా తగ్గినంత మాత్రాన చేసిన ఏళ్ళు చెరిగిపోవు. కానీ శిక్షతోపాటు జైలు పడినా, సెలవు పెట్టకుండా గైరుహాజరైన రోజులున్నా, ఆ కాలం అర్హత సర్వీసులో కలవకపోవచ్చు. పదిహేనేళ్ళ గీత దగ్గర ఉన్నవాళ్ళకు ఆ కొద్ది నెలలే కీలకం. కొద్దిపాటి కొరతను మన్నించే అధికారం పై వాళ్ళకుంది, కానీ అడగనిదే రాదు.

డిస్మిసల్ సంగతి పూర్తిగా వేరు. సైనిక చట్టం కింద డిస్మిస్ అయినవాడికి మామూలుగా పింఛనూ గ్రాట్యుటీ రెండూ ఉండవు. ఈ రెండు శిక్షలకూ మధ్య తేడా కుటుంబానికి జీవనాధారం ఉండడం, లేకపోవడం. ఈ తేడా తెలియక, హోదా తగ్గిన మనిషి పింఛను కాగితాల కోసం తిరగడమే మానేసిన ఇళ్ళున్నాయి.

పింఛను ఎంత? చివరి జీతంలో సగం, లేదా చివరి పది నెలల సగటులో సగం, ఏది లాభమైతే అది. సైనికుడి విషయంలో మూల వేతనానికి మిలిటరీ సర్వీస్ పే కూడా కలుస్తుంది. ఏడో వేతన సంఘం ప్రకారం జవాన్లకు, జేసీవోలకు అది నెలకు 5,200 రూపాయలు. అదే సంఘం సిపాయిని 3వ లెవెల్‌లో, నాయక్‌ని 4వ లెవెల్‌లో, హవల్దార్‌ని 5వ లెవెల్‌లో పెట్టింది. మొదటి మెట్టు వరసగా 21,700, 25,500, 29,200.

ఒక ఊహా లెక్క వేద్దాం. హవల్దార్ మూల వేతనం 44,100 అనుకోండి. 5,200 కలిపితే 49,300. అందులో సగం 24,650. అదే మనిషిని సిపాయిగా దించారు, మూల వేతనం 34,000 అయింది అనుకోండి. 5,200 కలిపితే 39,200. సగం 19,600. నెలకు 5,050 తేడా. ఏడాదికి 60,600. ఇరవై ఏళ్ళకు 12 లక్షల 12 వేలు, అదీ కరువు భృతి కలపకుండా. సైనికుడు నలభై ఏళ్ళ ప్రాయంలోనే ఇంటికి వస్తాడు కాబట్టి ఇరవై ఏళ్ళు అంటే ఎక్కువేమీ కాదు. గ్రాట్యుటీ చివరి జీతం మీదే. కమ్యుటేషన్ పింఛను మీదే. ఆయన తర్వాత భార్యకు వచ్చే సాధారణ కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం. మొదటి లెక్కలో 14,790, రెండో లెక్కలో 11,760. ఏ తప్పూ చేయని ఆవిడకి నెలకు 3,030 తగ్గుతుంది.

పది నెలల సగటు అనేది ఇక్కడ కొంత పనికొస్తుంది. రిటైర్‌మెంటుకి అయిదు నెలల ముందు దించారనుకుంటే, చివరి జీతం కంటే సగటు ఎక్కువ ఉంటుంది. రెండిట్లో ఏది తీసుకున్నారో చూసుకోవాలి. మన బ్యాంకు పింఛను నిబంధనలు, 1995 వాటిలోనూ చివరి పది నెలల సగటే ఆధారం, మన క్రమశిక్షణ నిబంధనల్లోనూ కింది గ్రేడుకి దించే శిక్ష ఉంది. కాబట్టి ఈ లెక్క మనకు మరీ పరాయిదేమీ కాదు.

దీనిపైన "ఒకే ర్యాంకు, ఒకే పింఛను" వచ్చింది. 2014 జూలై 1 నుంచి అమలు, 2015 నవంబరు 7న ఉత్తర్వు. ఒకే ర్యాంకులో, ఒకే సర్వీసుతో రిటైరైనవాళ్ళకు ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛను, అయిదేళ్ళకోసారి సవరణ. సుప్రీంకోర్టు 2022 మార్చిలో దీన్ని సమర్థించింది. చాలామందికి ఇది మేలు చేసింది. కానీ గమనించండి: సవరణ జరిగిన ప్రతిసారీ పట్టికలో చూసేది రిటైరైన ర్యాంకు. సిపాయిగా రిటైరైనవాడు, ఒకప్పుడు హవల్దార్‌గా ఎన్నేళ్ళు చేసినా, సిపాయి వరసలోనే ఉంటాడు.

ఇంకో సంగతి కాగితం మీద కనిపించదు. సైన్యంలో ఎన్నేళ్ళు ఉండవచ్చు అనేది ర్యాంకుని బట్టి ఉంటుంది. నాయక్ కంటే హవల్దార్‌కి, హవల్దార్ కంటే నాయబ్ సుబేదార్‌కి ఎక్కువ కాలం. హోదా తగ్గితే ఆ పరిమితి కూడా దగ్గరపడుతుంది. అంటే జీతం తగ్గడమే కాదు, ఇంకా కొన్నేళ్ళు ఉండగలిగే అవకాశమూ తగ్గుతుంది. తర్వాత మన బ్యాంకులాంటి చోట రెండో ఉద్యోగానికి వెళ్ళినా, డిశ్చార్జి బుక్కులో నడవడి గురించి ఏం రాశారో చూస్తారు.

కౌంటరు దగ్గరికి వచ్చిన ఒక అమ్మ గురించి చెప్పాలి. భర్త పోయాక కుటుంబ పింఛను మొదలైంది. పక్కింటి ఆవిడకి వచ్చేది చూసి వచ్చింది. "ఒకే ఊరోళ్ళు, ఒకే రోజున పట్టీలో చేరారు బాబూ. ఆరికి అంతొస్తే మాకింతేటి?" అని అడిగింది. పీపీవో తీసి చూస్తే ర్యాంకు గడిలో సిపాయి అని ఉంది. ఆవిడ ఇంటి గోడ మీద మూడు చారల యూనిఫాంతో ఆయన ఫోటో ఉందట. రిటైరయ్యేముందు దించారని ఆయన పాతికేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. శిక్ష న్యాయమో అన్యాయమో నాకు తెలియదు. ఆవిడకీ తెలియదు. అడగవలసిన మనిషి లేడు, అడగవలసిన కాలమూ దాటిపోయింది.

కాలం అంటున్నాను, ఎందుకంటే అప్పీలు దారులన్నిటికీ గడువుంది. కోర్టు మార్షల్ తీర్పు మీద 164వ సెక్షన్ కింద పిటిషన్ పెట్టుకోవచ్చు. ఇతర ఉత్తర్వుల మీద జవాన్లు 26వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. ఆ తర్వాత 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. పై అధికారుల తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్ళాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే మన్నించవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవారికి జబల్‌పూర్ బెంచి, ఆంధ్రలో ఉన్నవారికి చెన్నై బెంచి. రిటైరైనవారు తాము నివసించే చోటి బెంచికి వెళ్ళవచ్చు.

ఒక్క తేడా మాత్రం మనసులో పెట్టుకోండి. శిక్షనే ప్రశ్నించడం వేరు, పింఛను లెక్క తప్పని చెప్పడం వేరు. శిక్ష ఒక రోజున జరిగిన సంగతి, గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది. పింఛను తప్పు లెక్క మాత్రం నెలనెలా జరిగే తప్పు. తర్సేమ్ సింగ్ అనే సైనికుడి కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇదే చెప్పింది: ఆలస్యంగా వచ్చినా వినవచ్చు, కాకపోతే బకాయిలు మామూలుగా వెనక్కి మూడేళ్ళకే. కాబట్టి "ఇన్నేళ్ళయింది, ఇప్పుడేం అడుగుతాం" అని పీపీవోలోని తప్పుని వదిలేయకండి.

ఇళ్ళకు వెళ్ళాక చేయవలసినవి చెప్పి ముగిస్తాను. ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే, ఆయనతో కూర్చుని పీపీవో ఒకసారి చదవండి. ర్యాంకు, అర్హత సర్వీసు, చివరి జీతం, భార్య పేరు, పుట్టిన తేదీ, ఈ అయిదూ డిశ్చార్జి బుక్కుతో సరిపోవాలి. ఇప్పుడు రక్షణ పింఛన్లు 'స్పర్శ్' ద్వారా వస్తున్నాయి; తప్పుంటే అందులోనే అర్జీ పెట్టవచ్చు, మన బ్యాంకు బ్రాంచీల్లోని సేవా కేంద్రాలు సాయం చేస్తాయి. రికార్డు ఆఫీసుకి ఉత్తరం రాయడానికి జిల్లా సైనిక్ బోర్డు తోడుంటుంది. హోదా తగ్గిన సంగతి ఉంటే, ఆ ఉత్తర్వు నకలు, దాని తేదీ ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి.

ఆయనను తప్పుపట్టడానికి ఇవన్నీ అడగవద్దు. శిక్ష ఆయన ఒకసారి అనుభవించాడు. దాని లెక్క మాత్రం నెలనెలా ఇంటికి వస్తుంది, ఆయన తర్వాత ఆవిడకి వస్తుంది. ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే హక్కు ఆవిడకుంది. నడుం వంచి బండరాళ్ళ మీద పాకిన పదిహేను, ఇరవై ఏళ్ళకు రావలసిన ప్రతి రూపాయీ ఆ ఇంటికి చేరాలి.

 కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్ళుంటే, భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుంటాను, కలిసి చూద్దాం.