దూరవిద్య కోర్సుకు రుసుము కట్టే ముందు

ఇంటివద్దనే ఉండి చదువుకొనే కోర్సుకు రుసుము చెల్లించడం సార్థకమా కాదా అని తేల్చుకొనేటప్పుడు, ముందుగా పరిశీలించవలసింది చివర చేతికందే పట్టాకు గల చట్టబద్ధమైన విలువ. దూరవిద్య, అంటే నిత్యం తరగతికి వెళ్ళకుండా ముద్రిత పాఠాలతో, అప్పుడప్పుడు జరిగే సంపర్క తరగతులతో సాగే చదువు, మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యూజీసీ, అనుమతికి లోబడి ఉంటుంది. ఆ అనుమతి సంస్థకు ఉంటే చాలదు, చేరబోయే కోర్సుకూ ఆ విద్యాసంవత్సరానికీ కూడా ఉండాలి.

కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్యలో నడిపిన ఇంజనీరింగ్ కోర్సులపై 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, 2001–05 తరువాత చేరినవారి పట్టాలు రద్దయ్యాయి. ఏళ్ళ తరబడి కష్టపడి చదివినవారికి అంతకు మించిన నష్టం లేదు.

దీనికి భిన్నంగా, 1982లో హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా వెలసి, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్న సంస్థ తెలుగులోనే పాఠ్యపుస్తకాలు అందించి, కళాశాల మెట్లెక్కలేని ఎందరికో డిగ్రీ చదువును చేరువ చేసింది.

పట్టా అవసరం లేక కేవలం విషయజ్ఞానమే లక్ష్యమైతే, కేంద్ర ప్రభుత్వపు ‘స్వయం’ అనే ఆన్‌లైన్ వేదికలో పాఠాలు ఉచితంగానే లభిస్తాయి. ధ్రువపత్రం కోరేవారు మాత్రమే పరీక్ష రుసుము కట్టాలి.

ప్రకటనలో కనిపించే మొత్తానికి పరీక్ష రుసుము, పట్టా రుసుము, సంపర్క తరగతుల ప్రయాణ ఖర్చు కలిపి లెక్కించి, నమూనా పాఠం ఒకటి అడిగి చదివి, యూజీసీ దూరవిద్యా విభాగపు జాబితాలో కోర్సు పేరు స్వయంగా చూసుకొన్న తరువాతే శ్రోతలు డబ్బు చెల్లించాలని విజ్ఞప్తి.