కవియు, కవి కల్పించిన మనుష్యుడును



సూరతు పట్టణమనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది మగ్గము. తెలంగాణపు పల్లెలనుండి వచ్చి తరతరములుగా నిచట స్థిరపడిన పద్మశాలి కుటుంబములు అనేకము. నేసిన బట్ట యంగడికి పోయిన పిమ్మట నేతగానియొద్దకు మరలివచ్చి, “నన్నేల యీ రంగున నేసితివి?” అని యడుగదు. కథలోని మనుష్యుడు మాత్రము అడుగవచ్చును. అతడడిగినచో కవి యేమి చెప్పవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఈ యూరివారగు ఇరువురి పుస్తకములు 1866వ సంవత్సరముననే వెలువడినవి. మొదటిది నందశంకర మెహతా వ్రాసిన ‘కరణ్ ఘేలో’. గుజరాతీ భాషలో స్వతంత్రమైన తొలి నవలగా దీనిని పరిగణింతురు. ‘ఘేలో’ అనగా వెఱ్ఱివాడు. గుజరాతు నేలిన కడపటి వాఘేలా రాజగు కర్ణుడు మంత్రి మాధవుని భార్య నపహరించుటయు, మాధవుడు ఢిల్లీకేగి అల్లావుద్దీను సేనను రప్పించుటయు ఇందలి యితివృత్తము. ఆ పేరు భట్టుల నోట ముందే యున్నదందురు గాక. దానిని అచ్చులో స్థిరపరచినది నందశంకరుడే. నేడు పెక్కుమంది పాఠకులకు కర్ణుడనగా నవలలోని కర్ణుడే. నిజముగా బ్రతికిన రాజును కథలోని రాజు మ్రింగివేసెను.

రెండవది నర్మద కవి ఆత్మకథ, ‘మారీ హకీకత్’. కవి కొలది ప్రతులు మాత్రమే అచ్చు వేయించి దాచుకొనెను. లోకమునకది 1933లోగాని అందలేదు; అప్పటికి కవి గతించి నలుబదియేడేండ్లు. తన్ను తానే పాత్రగా జేసికొనినవాడు ఆ పాత్రను వీధిలోనికి బంపుటకు జంకెను. పరుల విషయమున కవులకు ఈ జంకు అరుదు.

ఇపుడొక కాలయంత్రమున్నదనుకొందము. దానినుండి కర్ణుడు దిగి, సూరతులో నందశంకరుని తలుపు తట్టినాడు. ఇట్టి యూహ పాశ్చాత్యుల వైజ్ఞానిక కథలనుండి వచ్చినదని తలపనక్కరలేదు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెప్పును, ఆ కథలోనివారు భూమిపై నిజముగనే పుట్టుదురు. పసికందగు మధురలాలస పూర్వజన్మ వృత్తాంతమును వినిపింపగా, కళాపూర్ణుడు తన పుట్టుకకు మూలమొక కథయని తెలిసికొనును. యంత్రము లేదన్న మాటయేగాని, కల్పనలో ఇంతకు మించిన సాహసమెక్కడ?

అయితే సూరన రాజు కర్తను నిలదీయడు. ఆ పని 1818లో మేరీ షెల్లీ కల్పించిన వికృతజీవి చేసెను. శాస్త్రజ్ఞుడగు ఫ్రాంకెన్‌స్టయిన్ దానికి ప్రాణము పోసి, చూచి భయపడి విడిచిపోవును. అది మిల్టను కావ్యము చదివి, ఆదామునకు దేవుడు చూపిన యాదరము తనకేల లేదని తన కర్తనడుగును. స్పెయిను దేశపు ఉనమూనో 1914లో ఇంకొక యడుగు ముందుకు వేసెను. ఆయన నవలలోని నాయకుడు సలమాంకా పట్టణమున నున్న ఉనమూనో యింటికే వచ్చి, తన్ను చంపవలదని వేడుకొనును. కర్త వినడు. అప్పుడా నాయకుడు కర్తయును, చదువరులును తనవలెనే చత్తురని పలికి వెడలిపోవును. ఆ పుట చదివినవారికి క్షణకాలము ఒడలు జలదరింపక మానదు.

నేడు మాటలాడు యంత్రములు వచ్చినవి. కథలోని వ్యక్తివలె మాటలాడుమన్న, అవి యట్లే బదులు చెప్పును. కర్ణుని ప్రశ్న యిక వట్టి వినోదము గాదు.

దానికి సమాధానమిచ్చిన తెలుగు కవి యొకడు కలడు. గురజాడ 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ను తిరిగి వ్రాసి 1909లో ప్రకటించెను. తొలి కూర్పున కొలదిపాటి పాత్రయైన మధురవాణి, మలి కూర్పున నాటకమునే నడిపించు స్త్రీ యైనది. ఆమె వచ్చి యడిగెనో లేదో గాని, ఆయన వినినట్లే యున్నది.

నందశంకరుడు మరియొక నవల వ్రాయలేదు. కర్ణుడింకను ‘ఘేలో’గానే యున్నాడు.