గుట్టల మీది పాలన: షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ దాకా

ఆదిరాజు వీరభద్రరావు గారి స్మృతిలో మాట్లాడే గౌరవం దక్కినప్పుడు, ఆయన పని చేసిన తీరులోనే ఒక విషయం చెప్పడం న్యాయమనిపించింది. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ వెలువరించింది. ఆ మండలికి ఊపిరి పోసినవారిలో వీరభద్రరావు గారు ముఖ్యులు. శాసనంలో దాత బిరుదులు ఎంత ఘనంగా ఉన్నా, చివరికి దానమిచ్చిన పొలానికి తూర్పున ఏముంది, పడమట ఏముంది అని రాసి ఉంటుంది. చరిత్ర అనగానే చాలామంది దాత పేరు దగ్గరే ఆగిపోతారు. ఆ తరం పరిశోధకులు మాత్రం పొలిమేరల దాకా వెళ్లారు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చరిత్రలో కూడా దాతలకూ తారలకూ కొరత లేదు. నేను మాత్రం పొలిమేరల గురించే మాట్లాడతాను. నా వాదన ఇది: ఈ గుట్టల మీద ముందు నేలకు హద్దు గీశారు, మనుషులను ఆ తర్వాత లెక్కలోకి తీసుకున్నారు. 1937లో పుట్టి 1950లో కలిసిపోయిన జూబ్లీహిల్స్ మునిసిపాలిటీ ఈ పద్ధతిని స్థిరపరిచింది. మునిసిపాలిటీ పోయినా పద్ధతి నిలిచింది.

గోల్కొండ దారిలో షేక్‌పేట సరాయి గురించి, మసీదు గురించి, కుతుబ్‌షాహీల గురించి ఈ సభకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అసఫ్‌జాహీల తొలి శతాబ్దాన్ని కూడా దాటేస్తాను. అక్కడ మన విషయానికి పనికొచ్చేది ఒక్కటే. నగరం చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా జిల్లా సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఆస్తి. అక్కడి శిస్తు దివానీ (ప్రభుత్వ) ఖజానాకు కాక నిజాం సొంత ఖజానాకు చేరేది. ఇటు నగరంలో 1908 మూసీ వరద తర్వాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1933లో చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ హైదరాబాదులో కలిసింది. 1934లో నగర మునిసిపాలిటీకి మొదటి ఎన్నికలు జరిగాయి. ఓటు హక్కు కొద్దిమందికే ఉన్నా, పాలకుడు ప్రజల దగ్గరికి వచ్చి అడగాలన్న సూత్రం నగరంలో మొదటిసారి కాలు మోపింది.

ఇక నేను ఆగదలచిన చోటికి వస్తాను. ఆ ఎన్నికలు జరిగిన మూడేళ్లకు, నిజాం రజతోత్సవాలు జరిగిన 1937లోనే, బంజారాహిల్స్‌నూ జూబ్లీహిల్స్‌నూ కలిపి వేరే మునిసిపాలిటీ చేశారు. అప్పటికి ఆ గుట్టల మీద ఉన్నదేమిటి? రాళ్లు, తుప్పలు, కొద్దిపాటి బంగళాలు. మెహదీ నవాజ్ జంగ్ బండల మీద ఇల్లు కట్టుకుని, మిగతా పెద్దలకు దారి చూపారు. తర్వాత మంత్రిగా, గుజరాత్ తొలి గవర్నరుగా పనిచేసిన ఆయన సామర్థ్యాన్ని నేను శంకించడం లేదు. ఇవాళ్టికీ నగరంలోని క్యాన్సర్ ఆసుపత్రికి ఆయన పేరే ఉంది. నా ప్రశ్న వ్యక్తి గురించి కాదు, ఏర్పాటు గురించి. పక్కనే ఎన్నికల రుచి చూసిన నగరం ఉంది. గుట్టలను ఆ నగరంలో చేర్చవచ్చు. చేర్చకుండా, కొద్ది ఇళ్లున్న నేలకు ఒక మునిసిపాలిటీ కట్టబెట్టారు. జనం ఎక్కువై పాలన అవసరమైతే మునిసిపాలిటీ పుట్టడం సహజం. ఇక్కడ రాబోయే జనం ఎలాంటివారై ఉండాలో ముందే అనుకుని, వాళ్ల కోసం హద్దు గీశారు. దాని పరిధిలోకి షేక్‌పేట, యూసుఫ్‌గూడ లాంటి పాత ఊళ్ల మనుషులు వచ్చారా, వాటి గుట్టలు మాత్రమే వచ్చాయా అన్న సంగతిని మన చరిత్ర పుస్తకాలు పట్టించుకోలేదు.

దీనికి ఒక అభ్యంతరం చెబుతారు. కొత్తగా పెరిగే ప్రాంతానికి ముందుచూపుతో పాలన ఏర్పాటు చేయడంలో తప్పేముంది, రాచరికంలో సభ్యులను నామినేట్ చేయడం కాక ఇంకేం ఆశిస్తాం అని. నామినేషన్ ఒక్కటే నా అభ్యంతరం కాదు. పోలిక కోసం ఘనాను చూడండి. పశ్చిమాఫ్రికాలోని ఆ దేశంలో 1992 రాజ్యాంగం ప్రకారం జిల్లా అసెంబ్లీల్లో 70 శాతం సభ్యులు ఎన్నికై వస్తారు, మిగిలిన 30 శాతాన్ని దేశాధ్యక్షుడు నియమిస్తాడు. ఆ నియామకాల మీద అక్కడా విమర్శలున్నాయి. కానీ 1993 నాటి వారి స్థానిక ప్రభుత్వ చట్టం జిల్లా కావాలంటే కనీసం 75,000 జనాభా ఉండాలంది. పొలాలూ పల్లెలూ తప్ప మరేమీ లేని మారుమూల జిల్లా కూడా ఆ చట్టం ప్రకారం తలల లెక్కతోనే నిలబడాలి. అక్కడ జనం ఉన్నారు కాబట్టి జిల్లా ఉంది. 1937లో మన గుట్టల మీద నేల ఉంది కాబట్టి మునిసిపాలిటీ వచ్చింది. ఒకదానిలో లోపాలుంటే అడిగే జనం ఉంటారు, రెండోదానిలో అడిగేవారే ముందు ఎంపికైపోతారు.

ఇక్కడ నాకు పాత పేచీ ఒకటుంది. ఇంత దూరం వచ్చాక దాన్ని దాటవేయడం నా వల్ల కాదు. ఈ ప్రాంతం మీద రాసేవారిలో రెండు వర్గాలున్నాయి. ఒక వర్గానికి జూబ్లీహిల్స్ నిజాం కాలపు నగర రచనకు మచ్చుతునక. రెండో వర్గానికి అది పూర్తిగా సినిమా సృష్టి. మద్రాసు నుంచి పరిశ్రమ రాకముందు ఇక్కడ చరిత్రే లేదన్నట్టు రాస్తారు. మొదటి వర్గాన్ని నేను అడిగేది ఇది: నగర రచన అంటే దారులూ తోటలూ మాత్రమేనా? ఆ బంగళాలకు రాళ్లు కొట్టినవారు ఎక్కడ ఉండాలో ఏ పటంలో గుర్తు పెట్టారు? రెండో వర్గానికి సంవత్సరాలు గుర్తు చేస్తాను. హైదరాబాదులో తెలుగు సినిమా ముందుగా దిగింది గుట్ట కింద, అమీర్‌పేట సారథి స్టూడియోలో, అదీ 1950ల్లో. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించినది 1976 జనవరిలో. పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఆ తర్వాతివి. అప్పటికే నేల ఎవరికి ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో నిర్ణయించే యంత్రాంగం ఇక్కడ స్థిరపడి ఉంది. బండలు పగలగొట్టి, సొంత డబ్బు కుమ్మరించి స్టూడియోలు నిలబెట్టిన సాహసాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ సాహసం తనకోసం గీసిన హద్దుల్లోనే నడిచింది, హద్దులను అది గీయలేదు. 1956 తర్వాత కోస్తా పెట్టుబడి వచ్చి అంతా మార్చేసిందనే మూడో మాట కూడా వినిపిస్తుంది. యజమానులు మారిన మాట నిజం. నేలను పంచే తీరు మారిందనడానికి మాత్రం ఎవరూ ఆధారం చూపలేదు.

ఆధారాలు నా వైపే ఉన్నాయి. సర్ఫేఖాస్ 1949లో ప్రభుత్వంలో కలిసింది. 1950లో జూబ్లీహిల్స్ మునిసిపాలిటీ హైదరాబాదు కార్పొరేషన్‌లో కలిసింది. ఇక్కడితో కథ ముగియాలి. కానీ 1960ల్లో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం రంగంలోకి వచ్చింది. చల్లగళ్ల నరసింహారావు దక్షతతో ఆ సంఘం షేక్‌పేట, హకీంపేట గ్రామాల పరిధిలో వెయ్యి ఎకరాలకు పైగా నేలను ప్లాట్లుగా, నంబర్ల రోడ్లుగా మార్చింది. సహకార చట్టం ప్రకారం సంఘంలో ఓటు సభ్యుడికి ఉంటుంది, సభ్యుడంటే ప్లాటు కోరి వచ్చినవాడు. ఇదే కాలంలో హైదరాబాదు కార్పొరేషన్‌లో 1970 నుంచి 1986 దాకా ఎన్నికైన పాలకవర్గం లేదు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. పట్టణాభివృద్ధి సంస్థ హుడా కూడా 1975లో అధికారుల సంస్థగానే వచ్చింది. గుట్టల రూపం తేలిన ఆ పదహారేళ్లలో నగర వ్యవహారాల మీద ఇక్కడి వాళ్లకు మిగిలిన ఓటు సంఘం ఓటే. రోడ్లు వేసిన వడ్డెర కూలీకి అదీ లేదు. సంఘం విస్తరించడం, నగరంలో ఎన్నికలు లేకపోవడం ఒకే కాలంలో జరగడం యాదృచ్ఛికమని ఎవరైనా అనవచ్చు. ఎవరి ఉద్దేశాల గురించీ నేను మాట్లాడటం లేదు. 1937లో గీసిన దారి తెరిచే ఉంది, 1970ల్లో ఆ దారినే నడిచారంటున్నాను.

సహకార సంఘాన్ని తప్పుపడితే మధ్యతరగతి ఇంటి కలను తప్పుపట్టినట్టేనని కొందరు బాధపడతారు. అలా కాదు. ఇళ్లు కట్టించడంలో ఆ సంఘం చేసిన పని చాలా ప్రభుత్వ సంస్థలు చేయలేకపోయాయి. పౌరపాలన చేయాల్సిన పని గృహసంఘం నెత్తిన పడ్డప్పుడు, సభ్యులు కానివారు ఆ పాలనకు బయటివారైపోవడమే సమస్య. ఫిల్మ్‌నగర్ వెనక జ్ఞానీ జైల్ సింగ్ నగర్, దీన్‌దయాళ్ నగర్ లాంటి బస్తీలు అలా బయట మిగిలినవారి ఊళ్లు. సినీ కార్మికుల ఇళ్ల కోసం వచ్చిన చిత్రపురి కాలనీకి డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి పేరు పెట్టారు. అది ఉన్నది ఇక్కడ కాదు, అవతల మణికొండలో. లైట్‌మన్ పని చేసే చోటు ఒక పాలనలో ఉంటే, ఇల్లు మరో పాలనలో పడింది.

అధ్యక్షులు గడియారం వైపు చూస్తున్నారు కాబట్టి మిగతాది గబగబా చెప్పేస్తాను. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పాలనను ప్రజల ముంగిటికి తెస్తామంటూ మండలాలు తెచ్చింది. షేక్‌పేట కూడా మండలమే. జిల్లా అంతా నగరమే కాబట్టి ఇక్కడ తహసీల్దారు ఉంటారు, మండల పరిషత్తు ఉండదు. అంటే నేలకు కచేరీ ఉంది, జనానికి సభ లేదు. ఇవాళ్టికీ కోట్ల విలువైన బంగళా దస్తావేజులో రాసేది ‘షేక్‌పేట గ్రామం’, సర్వే నంబరే. 1993లో అమలైన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 2007లో పన్నెండు మునిసిపాలిటీలనూ ఎనిమిది గ్రామపంచాయతీలనూ కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. 2009 నుంచి జూబ్లీహిల్స్ పేరుతో శాసనసభ నియోజకవర్గం ఉంది. యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ అందులోవే. జూబ్లీహిల్స్ డివిజన్ మాత్రం ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉంది. 2023లో వార్డు కార్యాలయాలు తెరిచారు. 2023 ఎన్నికల్లోనూ 2025 ఉపఎన్నికలోనూ జూబ్లీహిల్స్‌లో పోలింగు సగానికి చేరలేదు. ఓటరుకు బాధ్యత లేదని పత్రికలు దీని మీద చీవాట్లు పెట్టాయి. ఇల్లు ఒక పటంలో, ఓటు మరో పటంలో, దస్తావేజు మూడో పటంలో ఉన్నచోట ఎవరిని నిలదీయాలో ఓటరుకు తెలియడం అంత తేలిక కాదు.

అందుకే, ఈ ప్రాంతానికి మరో చిహ్నం, మరో విగ్రహం కోరే ముందు వార్డు హద్దును జనాన్ని బట్టి మళ్లీ గీయమని అడగాలి. బంగళా, బస్తీ, స్టూడియో, కృష్ణానగర్ గదుల్లో ఉండే జూనియర్ ఆర్టిస్టు ఒకే వార్డు కమిటీ ముందు కూర్చుని రోడ్డు గురించి, నీటి గురించి, నేల గురించి అడిగే ఏర్పాటు 1937 నుంచి ఈ గుట్టల మీద ఒక్కసారీ జరిగిన దాఖలా నాకు కనబడలేదు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. రాజ్యాంగంలో ఉన్న కమిటీని అమలు చేస్తే చాలు.