వాయిదా ఎవరిది?

చిత్తూరు కోర్టుల ఆవరణమున ఉదయము పది గంటలకు నిలుచున్నవారికి ఒక దృశ్యము తప్పక కంటబడును. గుడిపాల, యాదమరి, ఐరాల బస్సులు దిగి చేతిసంచులతో వచ్చు రైతులు తమ దావా ఏ హాలులో నడచుచున్నదో చెప్పలేరు. తమ వకీలుగారి గుమాస్తాను మాత్రము వంద గజముల దూరమునుండియే గుర్తింతురు. వారి వ్యాజ్యము వారికి తెలియునది ఆయన నోటివెంటనే.

నేనెరిగిన రైతు ఒకరు అట్లే రెండేండ్లు తిరిగినారు. ఎకరమున్నర చెరకుతోట, దానికి నీరిచ్చు పాత బావి, ఆ బావి తమదేనను దాయాదులు, ఇదీ తగవు. దాయాదులు అడ్డుపడకుండ ఉత్తరువు కోరుచు ఈయన దావా వేసినారు. ఫీజు రెండు విడతలుగా చెల్లించినారు. రెండవ విడతకు ఇంటావిడ కమ్మలు కుదువకు పోయినవి. వాయిదా వాయిదాకు వచ్చి ఆవరణములోని చెట్టు క్రింద కూర్చుండువారు. మధ్యాహ్నమునకు గుమాస్తా వచ్చి, "ఏం లేదబ్బా, మళ్లా పడింది. పొయ్యిరా" అనువాడు. ఒకనాడు దాయాదులు బావికి క్రొత్త మోటారు బిగించుచు, అడ్డుపోయిన ఈయన చేతిలో ఒక నకలు పెట్టినారు. దావా కొట్టివేయబడి అప్పటికి పదునొకండు నెలలైనది. కారణము, పిలిచినప్పుడు వాదియు పలుకలేదు, వాది వకీలును పలుకలేదు. ఆ దినమున కూడ ఈయన ఆ చెట్టు క్రిందనే యున్నారు.

1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులో తొమ్మిదవ ఆర్డరు ఈ విషయమును చెప్పును. ప్రతివాది హాజరై వాది పలుకనిచో దావా కొట్టివేయబడును. అదే కారణముపై మరల క్రొత్త దావా వేయ వీలులేదు. ఆ కొట్టివేతను రద్దు చేయించుకొని పాత దావానే తిరిగి నిలబెట్టుకొనవలెను. అందుకు గడువు 30 రోజులు. మీరు ప్రతివాదులైనచో మీపై ఏకపక్షముగ డిక్రీ వచ్చును. దానిని తొలగించుకొనుటకును 30 రోజులే. గడువు మీరినవారు 1963 నాటి లిమిటేషన్ చట్టము ఐదవ సెక్షను క్రింద, ఆలస్యమునకు తగిన కారణము చూపి మన్నింపు కోరవలెను. వకీలు మాట నమ్మితిననుట తగిన కారణమగునా?

1981లో రఫీక్, మున్షీలాల్ అనువారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పినది. హైకోర్టులో అప్పీలు పిలుపునకు వచ్చిన దినమున వకీలు లేడు, అప్పీలు పోయినది. పల్లెటూరివాడు వకీలును ఎంచుకొని, వివరములు తెలిపి, ఫీజు చెల్లించిన పిదప, ఆ వకీలు కోర్టుకు పోవుచున్నాడో లేదో కాపలా కాయవలెననుట న్యాయము కాదని జస్టిస్ దేశాయిగారు భావించినారు. అప్పీలు తిరిగి నిలిచినది. 200 రూపాయల ఖర్చులు గైరుహాజరైన వకీలునుండియే రాబట్టవలెనని కూడ ఉత్తరువైనది.

దీనిని విని నిశ్చింతగ నిద్రపోరాదు. 1993లో సలీల్ దత్తా వ్యాజ్యమున అదే కోర్టు, కలకత్తాలోనే కార్యాలయము గల ఒక కంపెనీకి ఆ వెసులుబాటు ఈయలేదు. వకీలు తప్పు ప్రతిసారియు కక్షిదారునకు గొడుగు కాజాలదన్నది. కనుక మన్నింపు కోరి వచ్చినవారిని జడ్జిగారు మొదట అడుగునది, ఇన్నాళ్ళు నీవేమి చేసితివని.

మన ప్రాంతమున వకీలనిన పెద్దరికము. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు లోక్‌సభ అధ్యక్షులగుటకు ముందు చిత్తూరులో వకీలుగ నున్నవారే. ఆ గౌరవము తగినదే. అయితే గౌరవము మాటున, అడిగిన కోపగించుకొనునేమో యను బెదరు కూడ చేరినది. డాక్టరును జ్వరమెంతయని అడుగుదుము. వకీలును వాయిదా ఎందుకు పడినదని అడుగము.

వకీళ్ళ పక్షమున ఒక మాట చెప్పవలెను. జడ్జిగారు సెలవులో నుండవచ్చును, సమను అందకపోవచ్చును, ఎదుటివారు గడువు కోరవచ్చును. వాయిదా పడుట వేరు, వాయిదాకు పోకపోవుట వేరు. దావా ఓడుట కూడ నేరము కాదు. ఈ తేడా తెలిసికొనుటకు గుమాస్తాతో పని లేదు. ప్రతి దావాకు అక్షరములు, అంకెలు కలిపి పదహారు గల సీ.ఎన్.ఆర్. సంఖ్య నేడు ఉన్నది. ఈకోర్ట్స్ అను ప్రభుత్వపు యాప్‌లో దానిని నొక్కినచో, కడపటి వాయిదాన ఏమి జరిగినది, రాబోవు తేదీ యేది, రెండును ఉచితముగ కనబడును. చదువుకొనిన పిల్ల ఇంటనున్న చాలును.

అందు తేడా కనబడినచో, మొదట వకీలుగారినే వివరము కోరుచు ఒక ఉత్తరము వ్రాసి, రసీదు వచ్చు తపాలాలో పంపి, నకలు దాచుకొనుడు. జవాబు రానిచో వకీలును మార్చుకొనవచ్చును. అయితే వకాల్తు దానంతట అది రద్దు కాదు. మీరు సంతకము చేసిన కాగితము కోర్టులో దాఖలై, కోర్టు అనుమతి పొందవలెను. పాత వకీలు అభ్యంతరము లేదని సంతకము చేయుట వాడుక; చేయనిచో ఆ సంగతియే కోర్టుకు విన్నవించుకొనవచ్చును. ఫీజు బాకీయున్నదని కాగితములను బిగబట్టు హక్కు వకీలుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. ఫీజు తగవు వేరుగ తేల్చుకొనవలసినదే. క్రొత్త వకీలును పెట్టుకొను శక్తి లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆ సహాయము లభించును. 15100 సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

ఇక శిక్ష మాట. 1961 నాటి అడ్వకేట్స్ చట్టము 35వ సెక్షను క్రింద రాష్ట్ర బార్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చును. వారు మందలింపవచ్చును, కొంతకాలము వృత్తినుండి ఆపవచ్చును, జాబితానుండి పేరే తొలగింపవచ్చును. వినియోగదారుల కమిషనుకు పోవుదమనువారు కలరు. 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసినది. సివిలు కోర్టులో నష్టపరిహారపు దావా మిగిలియున్నది. ఇవన్నియు వకీలు సంగతి తేల్చునేగాని, పోయిన మీ దావాను తిరిగి తేలేవు. అందుచేత కొట్టివేత రద్దుకు అర్జీ ముందు, ఫిర్యాదు తరువాత. కోపములో ఈ వరుస తారుమారు చేసినవారిని నేనెరుగుదును. బార్ కౌన్సిలుకు ఉత్తరములు వ్రాయుచుండగనే వారి 30 రోజులు గడచిపోయినవి.

చెరకుతోట రైతును కాపాడినది గోడమీది తిరుమల దేవస్థానము వారి కేలండరు. ఇంటిలోని అమ్మాయి ప్రతి వాయిదా తేదీ ప్రక్కన "నాయన కోర్టుకు పోయినాడు" అని వ్రాసి, బస్సు టిక్కెట్టులను అక్కడనే గుచ్చియుంచినది. క్రొత్త వకీలుగారు వానినన్నింటిని ప్రమాణపత్రమునకు జతచేసినారు. కోర్టు ఆలస్యమును మన్నించినది. దావా మరల ఫైలుకెక్కినది. ఎదుటివారి ఖర్చులు మాత్రము ఈయనే చెల్లించినారు. నడుమ నీరులేక ఎండిన చెరకును ఏ ఉత్తరువును తిరిగి ఈయలేదు. ఇప్పుడు వాయిదాలకు ఆయన చెట్టు క్రింద కూర్చుండుట లేదు. హాలులో వెనుక బల్లమీద, పేరు పిలువగనే లేచి నిలుచుటకు సిద్ధముగ కూర్చుండుచున్నారు.