బిడ్డ అలసటను సోమరితనమనుకోవద్దు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)



75 ఏండ్ల పాఠశాల చరిత్రను పెద్దలు వివరించారు. నేను మాత్రం నేడు మన తరగతులలో కూర్చున్న పిల్లల ఆరోగ్యాన్ని గురించి, అందునా ఒక అరుదైన వ్యాధిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అరుదైన దానికి ఈ సభలో చోటెందుకని మీరడుగవచ్చు. వైద్యుడు బిడ్డను చూచేది కొద్ది నిమిషాలు. ఉదయం నుండి సాయంత్రం వరకు చూచేది తల్లి, ఉపాధ్యాయిని. ఈ వ్యాధి ఆనవాలు ఆ రెండు పూటల మధ్య తేడాలోనే ఉన్నది.

దానిపేరు మయస్థీనియా గ్రావిస్. మనం చేయి ఎత్తదలచినప్పుడు నరం కొస నుండి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి, కండరంపైనున్న గ్రాహకాలను తాకుతుంది; అప్పుడు కండరం కదులుతుంది. శరీరాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలే ఈ వ్యాధిలో ఆ గ్రాహకాలను దెబ్బతీస్తాయి. అందుచేత మొదట బాగుగా పనిచేసిన కండరం పని సాగేకొద్దీ నీరసించి, విశ్రాంతినిస్తే కొంత కోలుకుంటుంది. ఇది అంటువ్యాధి కాదు, తెలివితేటలను తాకదు.

పిల్లలలో తరచుగా తొలుత కనబడేది కనురెప్ప వాలడం, ఒకే వస్తువు రెండుగా తోచడం. ప్రార్థన వేళ చక్కగా తెరచియున్న కన్ను చివరి పీరియడుకు సగం మూతపడుతుంది. పద్యం మొదటి పాదం స్పష్టంగా చెప్పిన గొంతు నాలుగవ పాదానికి ముక్కుతో పలుకుతుంది. అన్నం నమలుతూనే దవడ అలసిపోతుంది. త్రాగిన నీరు ముక్కులోకి వస్తుంది. జడ వేసుకొనుటకు చేతులు నిలువవు. మెట్లు ఎక్కుట కష్టమవుతుంది. ఇట్టి బిడ్డను నిద్రమొగమనీ, నటిస్తున్నదనీ మందలించుట సులభం. ఉదయం చేసిన పని సాయంత్రం చేయలేకపోతున్నదంటే, మందలించుటకు ముందు వైద్యునికి చూపండి.

ఏ వేళ ఏమి కనబడినదో వ్రాసియుంచండి. ఉదయమొకటి, సాయంత్రమొకటి ఫొటో తీయండి. ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాటలాడే మనకు ఆసుపత్రిలో చెప్పవలసినది చెప్పలేక నిలిచిపోవుట అనుభవమే; ఆ కాగితం, ఆ ఫొటోలు మన పక్షాన మాటలాడతాయి. బెంగుళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలలో నరాల వ్యాధుల నిపుణులున్నారు. మూసిన రెప్పపై రెండు నిమిషాలు మంచు ఉంచి చూచుట, రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష, నరాన్ని పదేపదే ప్రేరేపించి కండరం స్పందనను కొలుచుట వారు చేసే పరీక్షలు. కొందరు పిల్లలలో రక్తపరీక్షకు ఏమీ చిక్కదు. అంతమాత్రాన వ్యాధి లేదని తేల్చరాదు.

ఇంగ్లండులో డాక్టర్ మేరీ వాకర్ 1934లో ఫైసోస్టిగ్మిన్ ఇంజెక్షనుతో ఈ బలహీనత కొంతసేపు తగ్గుటను వెల్లడించారు. నేడు ఆ కోవకు చెందిన పిరిడోస్టిగ్మిన్ మాత్ర వాడుకలో ఉన్నది. దాని ప్రభావం కొద్ది గంటలే గనుక వేళకు ఇవ్వాలి. బడి వేళలో ఇప్పించే బాధ్యత మనది. అవసరాన్నిబట్టి స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ ఇస్తారు. కొందరికి ఛాతీలోని థైమస్ గ్రంథిని తొలగిస్తారు. ఏ మందునూ సొంతంగా ఆపరాదు. చిన్నపిల్లలలో వాలిన రెప్ప చూపునే మందగింపజేయవచ్చు గనుక కంటి వైద్యుని సలహా కూడ అవసరం.

ఊపిరి అందకపోయినా, ఉమ్ము మ్రింగలేకపోయినా, దగ్గు బలహీనపడినా నోటికి ఏమీ ఇవ్వక వెంటనే పెద్దాసుపత్రికి తరలించండి. అక్కడ ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి వంటి చికిత్సలు ప్రాణం నిలుపుతాయి. జ్వరాలు, అంటురోగాలు వ్యాధిని పెంచవచ్చు. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ వంటి మందులు కూడ అట్టివే. కనుక ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ముందుగా వ్యాధిపేరు చెప్పండి.

సరియైన చికిత్సతో పెక్కుమంది పిల్లలు చదువు సాగించగలరు. కొందరికి వ్యాధి పూర్తిగా శమిస్తుంది. వారికి కష్టమైన పాఠాలు ఉదయం చెబుదాం, మధ్యాహ్నం కొంత విశ్రాంతినిద్దాం, మెట్లెక్కనక్కరలేని గదిలో కూర్చుండబెడదాం. సహోపాధ్యాయులకు నా విన్నపం ఒకటే: హాజరు పట్టీలో పేరు పిలిచినప్పుడు ఆ బిడ్డ ముఖం కూడ చూడండి, చివరి గంటకు మరొక్కసారి చూడండి.

సెలవు.